ధ్రువ నక్కకు పదకొండు పిల్లలు పుడితే మరుసటి ఏడాదికి మిగిలేవి ఎన్ని?

మీరు మూడు సంగతులు అడిగారు. టీవీలో చూసిన ధ్రువ నక్కకు జూన్‌లో పదకొండు పిల్లలున్నాయి, ఆగస్టు చివరికి నాలుగే కనిపించాయి, మిగతావి ఏమయ్యాయి అన్నది ఒకటి. తోబుట్టువులే ఒకదాన్నొకటి చంపి తింటాయని చదివారు, అది నిజమా అన్నది రెండోది. వచ్చే జులైలో ఐస్‌లాండ్ వెళ్తున్నారు, అక్కడ ఒంటరి పిల్ల కనిపిస్తే ఏం చేయాలన్నది మూడోది. నేను స్వీడన్ ఉత్తరాన కొండల్లో ఆరు వేసవులు ఈ నక్కల బొరియల దగ్గర కూర్చుని పిల్లల్ని లెక్కపెట్టే పని చేశాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే వాటిలో ఎక్కువ భాగం ఆకలితో పోతాయి. గద్ద ఎత్తుకెళ్లిందనో, ఎర్ర నక్క చంపిందనో, జబ్బు చేసిందనో మనం రాసుకుంటాం. అవి నిజమే. కానీ చాలాసార్లు ఆ చావు వెనక కొన్ని రోజుల ఖాళీ కడుపు ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే అసలు పదకొండు పిల్లలు ఎందుకు పుట్టాయో చూడాలి. మన వైపు మెట్ట పొలాల్లో తిరిగే గుంటనక్క దీనికి దగ్గరి చుట్టమే. దానికి ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లలు. ధ్రువ నక్క బరువు మూడు నాలుగు కిలోలు, మన ఇళ్లలో బాగా బలిసిన పిల్లి అంత. అలాంటి జంతువు మంచి ఏడాదిలో పది, పన్నెండు పిల్లల్ని పెడుతుంది. 18 దాకా నమోదైన సందర్భాలున్నాయి. మాంసాహార జంతువుల వర్గంలో అతి పెద్ద ఈతల్లో ఇదొకటి.

దీనికి కారణం లెమ్మింగ్ అనే చిన్న ఎలుకలాంటి జంతువు. చలికాలమంతా మంచు పొర కింద గడ్డి తింటూ, అక్కడే పిల్లలు పెడుతూ ఉంటుంది. మూడు నాలుగేళ్లకోసారి వీటి సంఖ్య విపరీతంగా పెరిగిపోతుంది. ఆ వేసవిలో కొండ మీద అడుగు తీసి అడుగు వేస్తే లెమ్మింగే. మరుసటి ఏడాది అదే కొండ మీద రోజంతా తిరిగినా ఒక్కటి కనిపించదు. స్వీడన్, నార్వే కొండల్లోనూ, రష్యా, కెనడా టండ్రాలోనూ చాలా చోట్ల ధ్రువ నక్కల బతుకు ఈ ఎగుడుదిగుళ్ల మీదే నడుస్తుంది.

చిక్కు ఎక్కడంటే, నక్క జతకట్టేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. కడుపుతో ఉండేది ఇంచుమించు 52 రోజులు. మే చివర, జూన్ మొదట్లో ఈనుతుంది. అంటే ఎన్ని పిల్లలు పుట్టాలో ఆ తల్లి ఒళ్లు నిర్ణయించేది చలికాలం చివర దొరికిన తిండిని బట్టి. ఆ పిల్లలు మాంసం అడిగే రోజులు వచ్చేది జులైలో. తొలకరి బాగా పడిందని విత్తనం వేసిన రైతుకు ఆ తర్వాత నెలన్నర చినుకు లేకపోతే ఎలా ఉంటుందో, ఏప్రిల్‌లో లెమ్మింగులు చూసి పన్నెండు పిల్లల్ని కన్న నక్కకు జులైలో అవి మాయమైతే అలా ఉంటుంది. నేను చూసిన వాటిలో అతి పెద్ద నష్టాలు మొత్తం కరువు ఏడాదిలో జరగలేదు. కరువు ఏడాదిలో దాదాపుగా పిల్లలే పుట్టవు. బాగా మొదలై నడుమ దెబ్బతిన్న ఏడాదిలోనే ఎక్కువ పిల్లలు చచ్చిపోయాయి.

ఐస్‌లాండ్‌లో కథ వేరు. అక్కడ లెమ్మింగులు లేవు. సముద్రపు పక్షులు, వాటి గుడ్లు, ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలు, అలలు విసిరేసిన చిన్నాచితకా ప్రాణులు, ఇవి ఏటా దాదాపు ఒకేలా దొరుకుతాయి. అందుకే అక్కడి నక్కలు ఏటా నాలుగైదు పిల్లలతో సరిపెట్టుకుంటాయి. మాగ్నస్ టన్నెర్‌ఫెల్ట్, ఆండెర్స్ ఆంగెర్‌బ్యోర్న్ అనే స్వీడన్ పరిశోధకులు 1998లో రకరకాల ప్రాంతాల ధ్రువ నక్కల ఈతల్ని పోల్చి ఇదే తేల్చారు. తిండి నిలకడగా ఉన్నచోట చిన్న ఈతలు, తిండి ఎగుడుదిగుడుగా ఉన్నచోట పెద్ద ఈతలు. కాబట్టి మీరు చూసిన పదకొండు పిల్లల కుటుంబం ఐస్‌లాండ్‌ది అయ్యే అవకాశం తక్కువ.

ఇప్పుడు ఆ పిల్లల బతుకు ఎలా సాగుతుందో చూద్దాం. పుట్టినప్పుడు పిల్ల ఒక కోడిగుడ్డు బరువుంటుంది. కళ్లు మూసుకుని, పొట్టి ముదురు గోధుమ రంగు బొచ్చుతో ఉంటుంది. రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది. మూడు నాలుగు వారాలు బొరియలోనే. ఆ రోజుల్లో తల్లి పెద్దగా బయటికి రాదు, తండ్రి తెచ్చి పెడతాడు. ఈ నెల రోజుల్లో లోపల ఏం జరుగుతుందో బయట కూర్చున్న మాకు తెలియదు. కొన్ని బొరియలు వందల ఏళ్లుగా తరతరాల నక్కలు వాడుతున్నవి. ఒక్కో దానికి పదుల సంఖ్యలో, కొన్నింటికి వందకు పైగా ద్వారాలుంటాయి. లోపల ఎన్ని పుట్టాయో, ఎన్ని అక్కడే పోయాయో చూసే దారి లేదు. చనిపోయిన ఆడ నక్కల గర్భసంచిలో మాయ అంటుకున్న మచ్చలు లెక్కపెడితే, బయటికి వచ్చిన పిల్లల కంటే ఆ మచ్చలే ఎక్కువగా తేలతాయి. అంటే కొన్ని పిండాలు కడుపులోనే కరిగిపోతాయి, కొన్ని పురిట్లోనే పోతాయి. అందుకే ఎక్కడైనా 'ఇంత శాతం పిల్లలు చనిపోయాయి' అని చదివితే, ఏ రోజు నుంచి లెక్క మొదలుపెట్టారో ముందు చూడండి. పుట్టిన రోజు నుంచా, బొరియ బయటికి వచ్చిన రోజు నుంచా? చాలా పరిశోధనల్లో లెక్క మొదలయ్యేది బయటికి వచ్చాకే. అసలు నష్టం ఆ అంకె కంటే ఎక్కువే ఉంటుంది.

బయటికి వచ్చాక ఆరు, ఏడు వారాల వయసులో పాలు మానడం మొదలవుతుంది. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా గండం ఉన్న కాలం. అంతవరకు తల్లి తన ఒంట్లో కొవ్వు కరిగించి పాలుగా ఇచ్చింది. ఇప్పుడు ప్రతి పిల్లకూ విడిగా మాంసం కావాలి. పది పిల్లలున్న కుటుంబానికి రోజుకు డజన్ల కొద్దీ లెమ్మింగులు కావాలి. తల్లీతండ్రీ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటారు. అక్కడ వేసవిలో చీకటి పడదు కాబట్టి నేను తెల్లవారుజామున మూడింటికి కూడా టెలిస్కోప్‌లో చూస్తూ ఉండేవాణ్ణి. మంచి రోజుల్లో తండ్రి నోట్లో నాలుగైదు లెమ్మింగులు ఒకదాని పక్కన ఒకటి ఇరికించుకుని వచ్చేవాడు. పిల్లలన్నీ ఒక్కసారిగా మీద పడేవి. చెడ్డ రోజుల్లో ఎనిమిది గంటల తర్వాత ఒక్క చిన్న పిట్టతో తిరిగొచ్చేవాడు. దాన్ని ఏ పిల్ల ముందు అందుకుంటే దానిదే. మిగతావి మళ్లీ బొరియ ముందు పడుకునేవి.

ఆ పడుకోవడం చూస్తే నాకు టెన్షన్ మొదలయ్యేది. కడుపు నిండిన పిల్లలు ఒక్క క్షణం కుదురుగా ఉండవు. తోకలు పీకుతాయి, ఎముక కోసం లాగులాడతాయి, దొర్లుతాయి. ఆడటం మానేసిన పిల్లల గుంపు ఆకలితో ఉన్న గుంపు. పెద్ద ఈతలో బలహీనమైన పిల్ల ముందు ఆట మానేస్తుంది, ఆ తర్వాత తిండి కోసం పరుగెత్తడం మానేస్తుంది, ఒకరోజు లెక్కలో తగ్గుతుంది.

తోబుట్టువులు చంపుకుంటాయా అన్న మాటకు జవాబు ఇక్కడే ఉంది. తిండి దగ్గర అవి కొట్టుకుంటాయి, గట్టిగానే. చచ్చిపోయిన పిల్లను మిగతావి తినడం కూడా ఉంది. బొరియ దగ్గర పిల్ల నక్క ఎముకలు, కొరికిన కాళ్లు దొరుకుతాయి. వాటిని చూసి 'చంపి తిన్నాయి' అని రాసేస్తారు. కానీ తినడం వేరు, చంపడం వేరు. అడవిలో ఒక పిల్ల ఆరోగ్యంగా ఉన్న ఇంకో పిల్లను చంపిన ఘటనను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆకలితో పోయిన పిల్ల మాంసం అక్కడ వృథా కాదు, అంతే. తల్లి తన పిల్లల్నే చంపడం బొచ్చు కోసం నక్కల్ని బోనుల్లో పెంచే ఫారాల్లో నమోదైంది. అది బోను బతుకులోని ఒత్తిడికి సంబంధించిన విషయం, దాన్ని తెచ్చి కొండ మీది నక్కకు అంటగట్టకూడదు.

ఆకలే అసలు కారణమని ఎలా తెలుసంటే, పరీక్షించి చూశారు కాబట్టి. 1990ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు కొన్ని బొరియల దగ్గర వేసవిలో అదనంగా తిండి పెట్టారు, కొన్నింటి దగ్గర పెట్టలేదు. తిండి అందిన బొరియల్లో ఆ వేసవి గట్టెక్కిన పిల్లలు స్పష్టంగా ఎక్కువ. కొండ అదే, గద్దలు అవే, వాతావరణం అదే. మారింది కడుపు ఒక్కటే.

ఇక శత్రువుల మాట. స్కాండినేవియా కొండల్లో పిల్లలకు పెద్ద ప్రమాదం గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద గద్ద. వుల్వరిన్ అనే బలమైన మాంసాహార జంతువు కూడా బొరియ తవ్వి పిల్లల్ని లాగేస్తుంది. వీటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఎర్ర నక్క. ధ్రువ నక్క కంటే అది ఎంతో బరువైనది. ధ్రువ నక్క పిల్లల్నే కాదు, పెద్దవాటినీ చంపుతుంది, తరతరాల బొరియల్ని ఆక్రమిస్తుంది. అలాస్కాలో ప్రుడో బే చమురు క్షేత్రం దగ్గర ఎర్ర నక్క ధ్రువ నక్కను చంపిన సంఘటనను పరిశోధకులు నమోదు చేశారు. వాతావరణం వెచ్చబడటం, మనుషుల చెత్త, రోడ్ల పక్కన చచ్చిన జంతువులు, ఇవన్నీ కలిసి ఎర్ర నక్కను పైపైకి, ఉత్తరానికి తీసుకొస్తున్నాయి.

శత్రువుల దాడికీ ఆకలికీ ముడి ఉందని మొదట్లో చెప్పాను కదా. తిండి దగ్గర్లో దొరికితే తల్లి బొరియ పక్కనే ఉండి కాపలా కాస్తుంది. గద్ద నీడ కనిపిస్తే మొరుగుతుంది, పిల్లలన్నీ ఒక్క గెంతులో లోపల ఉంటాయి. తిండి దూరమైతే తల్లీతండ్రీ ఇద్దరూ గంటల తరబడి ఉండరు. ఆకలిగొన్న పిల్లలు ఎదురుచూసి చూసి బొరియ వదిలి దూరం పోతాయి. అప్పుడు గద్ద వస్తుంది. 2017లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పరిశోధన ఈ ముడిని చక్కగా విప్పింది. ముందు ఈని అనుభవం ఉన్న తల్లులు పిల్లల దగ్గర ఎక్కువసేపు ఉంటాయి, తొలిచూలు తల్లులు తక్కువసేపు ఉంటాయి, ఆ తేడా పిల్లల ప్రాణాల మీదికి వస్తుంది. నేను చూసిన ఒక తొలిచూలు తల్లి ఆరు పిల్లల్లో ఐదింటిని పది రోజుల్లో పోగొట్టుకుంది. లోయకు అవతలి వైపు బొరియలో ఉన్న ముసలి నక్క మాత్రం అదే వేసవిలో ఏడింటికి ఆరింటిని ఆగస్టు దాకా నిలబెట్టుకుంది. అనుభవం అంటే అంత తేడా ఉంటుందని ఆ వేసవి వరకు నాకు తెలియదు.

జబ్బుల విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. రష్యా తూర్పు చివర కమాండర్ దీవుల్లో మెద్నీ అనే దీవి ఉంది. అక్కడి ధ్రువ నక్కలు వేల ఏళ్లుగా విడిగా బతుకుతున్న ప్రత్యేకమైన ఉపజాతి. 1970లలో చెవుల్లో చేరే ఒక రకం గజ్జి పురుగు ఆ దీవికి చేరింది. మనుషుల వెంట వచ్చిన కుక్కల నుంచే వచ్చి ఉంటుందని అనుమానం. పెద్ద నక్కలు తట్టుకున్నాయి. పిల్లలు తట్టుకోలేకపోయాయి. చెవుల్లో పుండ్లు పడి, బక్కచిక్కి, వేసవి దాటకుండానే చనిపోయాయి. కొన్నేళ్లలో ఆ దీవి నక్కల్లో పదింట ఒక వంతు మాత్రం మిగిలాయి, వంద దగ్గర. 1990లలో పరిశోధకులు పిల్లల్ని పట్టి పురుగు మందు వేస్తే, వేసిన పిల్లలు మెరుగ్గా బతికాయి. అయినా ఆ జాతి ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. పెద్దవి ఏమీ కానట్టు తిరుగుతూ ఉండగానే, కేవలం పిల్లల చావులతో ఒక జాతి అంచుకు చేరుతుందని చూపిన ఉదాహరణ ఇది.

ఆగస్టు దాటిన పిల్ల గట్టెక్కినట్టు కాదు. సెప్టెంబర్‌కల్లా చాలా పిల్లలు తల్లిదండ్రుల ఇలాకా వదిలి వెళ్లిపోతాయి. అప్పటికి వాటికి మూడు, నాలుగు నెలలు. పెద్ద నక్కలు వేసవిలో దొరికిన గుడ్లు, పక్షులు నేలలో దాచుకుని చలికాలం తింటాయి, ఒంటి నిండా కొవ్వు పెంచుకుంటాయి. పిల్ల నక్కకు దాచిన సరుకూ లేదు, సొంత ఇలాకా లేదు, వేటలో చేయి తిరగలేదు. తెల్లటి చలికాలపు బొచ్చు వస్తుంది, ఆ బొచ్చు మహా గట్టిది. మైనస్ 40 డిగ్రీల చలినైనా తట్టుకునే జంతువు ఇది. కడుపులో తిండి ఉన్నంత వరకే ఆ బొచ్చు కాపాడుతుంది. తిండి ఉన్నవి చలితో చావడం నేను వినలేదు.

ఈ వలసలో అవి పోయే దూరాలు నమ్మశక్యంగా ఉండవు. 2018 మార్చి 26న ఒక కుర్ర ఆడ నక్క నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల నుంచి సముద్రపు మంచు మీద బయల్దేరి, గ్రీన్‌లాండ్ దాటి, 76 రోజుల్లో 3,506 కిలోమీటర్లు నడిచి కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి చేరింది. దాని మెడకు ఉపగ్రహ పట్టీ ఉండబట్టి మనకు తెలిసింది. ఒకే రోజులో 155 కిలోమీటర్లు నడిచిన రోజు కూడా ఉంది. అది చేరింది కాబట్టి వార్త అయింది. అలా బయల్దేరి మంచు మీద ఎక్కడో ఆగిపోయిన పిల్లల లెక్క ఎవరి దగ్గరా లేదు. స్వాల్‌బార్డ్‌లో చలికాలం వాన పడి గడ్డి మీద మంచు గడ్డకడితే రెయిన్‌డీర్లు ఆకలితో చనిపోతాయి. ఆ కళేబరాలే నక్కల్ని గట్టెక్కిస్తాయి. దీనికి తోడు రేబిస్ అప్పుడప్పుడు వచ్చిపడుతుంది, అక్కడ 1980లో, మళ్లీ 2011లో వచ్చింది. ఉచ్చులు పెట్టే చోట్ల చిక్కేవాటిలోనూ ఎక్కువ భాగం ఆ ఏడాది పిల్లలే, ఎందుకంటే వాటికి ఉచ్చు అంటే తెలియదు.

మరి ఇంతకీ ఎన్ని మిగులుతాయి? స్వీడన్ కొండల్లో లెమ్మింగుల సంఖ్య కూలిపోయిన ఏళ్లలో, బొరియ బయటికి వచ్చిన పిల్లల్లో పదింట ఒకటి కూడా మరుసటి వసంతం చూడని సందర్భాలున్నాయి. మంచి ఏళ్లలో ఇంతకంటే చాలా మెరుగు. చెవికి రంగు బిళ్లలు వేసి మరుసటి ఏడాది వెతుక్కోవడం మా పనిలో భాగం. నేను చెవి బిళ్ల వేసిన ఒక పదకొండు పిల్లల ఈతలో మరుసటి జులైకి ఒక్కటే కనిపించింది. రెండు లోయల అవతల, తన సొంత పిల్లలతో.

దీన్ని మరీ చీకటిగా చూడకండి. అడవిలో ధ్రువ నక్క ఆయుష్షు సాధారణంగా మూడు నాలుగేళ్లు. ఒక జంట తన జీవితమంతా కన్న పిల్లల్లో రెండు బతికి పిల్లల్ని కంటే చాలు, ఆ జాతి తగ్గదు. ఒక్క మంచి ఏడాదిలో పన్నెండుకు ఐదో ఆరో నిలబడితే ముందు మూడేళ్ల నష్టం తీరిపోతుంది. అందుకే పిల్లలు ఎక్కువగా చనిపోవడం దానంతటదే ప్రమాద సూచన కాదు. మంచి ఏళ్లు రావడం ఆగిపోతే, లేదా మంచి ఏడాదిలో కూడా పిల్లలు నిలవకపోతే, అప్పుడు భయపడాలి.

స్కాండినేవియాలో సరిగ్గా అదే జరిగింది. బొచ్చు కోసం వేటాడి వేటాడి దాదాపు లేకుండా చేశారు. స్వీడన్ 1928లో, నార్వే 1930లో, ఫిన్లాండ్ 1940లో చట్టంతో కాపాడినా అవి లేచి నిలబడలేదు. 2000 నాటికి మూడు దేశాల్లో కలిపి మిగిలినవి 40 నుంచి 60 పెద్ద నక్కలు. లెమ్మింగుల మంచి ఏళ్లు తప్పిపోయాయి, ఎర్ర నక్కలు పైకి వచ్చాయి, మిగిలిన కొద్దివి అయినవాటితోనే జతకట్టాయి. స్వీడన్‌లోని హెలాగ్స్ ప్రాంతపు నక్కలన్నీ ఐదంటే ఐదు నక్కల సంతానం. దగ్గరి రక్తంలో పుట్టిన పిల్లలు మొదటి ఏడాది దాటడమే కష్టమైంది. 2010, 2011 ప్రాంతంలో నార్వే పెంపక కేంద్రంలో పుట్టి, అడవిలో వదిలిన మూడు మగ నక్కలు నడుచుకుంటూ అక్కడికి చేరాయి. వాటి సంతానం మొదటి ఏడాది గట్టెక్కే అవకాశం స్థానిక పిల్లల కంటే దాదాపు రెట్టింపు అని తేలింది. తిండి ఒకటే, కొండ ఒకటే, కొత్త రక్తం మాత్రం తేడా. ఆకలే అన్నిటికీ మూలం అని పైన గట్టిగా చెప్పాను కాబట్టి, ఈ మినహాయింపు కూడా గట్టిగానే చెప్పాలి.

ఇప్పుడు నార్వే, స్వీడన్‌లలో కొండల మీద తిండి డబ్బాలు పెడుతున్నారు, కుక్కల తిండి గింజలతో. వాటి దారి ధ్రువ నక్క పట్టేంత, ఎర్ర నక్క పట్టనంత ఉంటుంది. ఎర్ర నక్కల్ని తగ్గిస్తున్నారు. నార్వే 2005 నుంచి పెంచి వదులుతోంది. తిండి పెట్టడం, ఎర్ర నక్కల్ని తగ్గించడం రెండూ కలిపి గట్టిగా చేసిన చోటే సంఖ్య పెరిగింది, సగం సగం చేసిన చోట పెరగలేదు. ఇప్పుడు మొత్తం 500 దాటాయి. ఫిన్లాండ్‌లో 1996 తర్వాత మొదటిసారి 2022లో పిల్లలు పుట్టాయి. ఆ వార్త విన్న రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. 'ప్రకృతిని దాని మానాన వదిలేయాలి' అనేవాళ్లతో ఈ విషయంలో నేను ఏకీభవించను. ఇక్కడ తూకం తప్పించింది మనిషే.

ఇక మీ ఐస్‌లాండ్ ప్రయాణం. ఆ దేశపు వాయువ్య కొసన ఉన్న హోర్న్‌స్త్రాందిర్ అభయారణ్యం వైపు వెళ్తే నక్కలు కనిపించే అవకాశం బాగా ఉంది. అక్కడ వేట నిషేధం, అందుకే అవి మనుషులకు పెద్దగా భయపడవు. ఆ దేశంలో మిగతా చాలా చోట్ల వేసవిలో బొరియల దగ్గరే నక్కల్ని వేటాడటం పాత అలవాటు, అక్కడి పిల్లలకు మనిషే పెద్ద గండం. జులైలో ఒంటరి పిల్ల కనిపిస్తే అది తప్పిపోయిందని అనుకోకండి. నూటికి తొంభైసార్లు తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, బొరియ దగ్గర్లోనే ఉంటుంది. తిండి పెట్టకండి, పట్టుకోకండి. మీరు దగ్గరే నిలబడితే నోట్లో తిండితో ఉన్న తల్లి ఏ రాయి చాటునో ఆగిపోతుంది, పిల్లల పూట తప్పుతుంది. కొన్ని వందల మీటర్లు వెనక్కి వెళ్లి, గాలి మీ వైపు వీచేలా ఒక రాయికి ఆనుకుని, బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చోండి. రెండు మూడు గంటలు పట్టవచ్చు. వెచ్చటి బట్టలు, ఫ్లాస్క్‌లో టీ తీసుకెళ్లండి.